కోబే నగరంలో చివరి నాలుగు రోజులు

జపానులో మా పెద్దబ్బాయి ఇంట ఎనభై రోజులకు పైగా గడిపి, తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు అందరం కలిసి నగోయా నుండి కోబే నగరానికి చేరుకున్నాము. ఆ మధ్యాహ్నం హోటలు గదిలో జుహర్ నమాజుకు నిలబడి, నాలుగు రకాతులకు బదులు రెండు రకాతులతోనే సలాం చెప్పి ముగించాము. పక్కన నిలబడిన మనుమడు ఎనిమిదేళ్ళవాడు. "దాదా, సగం మరచిపోయారు!" అన్నాడు. వాడి తండ్రి నవ్వాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు.

ప్రయాణికుని నమాజు నియమం పాఠకులకు విదితమే. హనఫీ ఫిఖహ్ ప్రకారం 48 మైళ్ళు, అనగా సుమారు 77 కిలోమీటర్లు, అంతకు మించిన దూరం పోదలచి ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్. జుహర్, అసర్, ఇషా నమాజుల్లో నాలుగు ఫర్జ్ రకాతులకు బదులు రెండే చదువుతాడు. ఎక్కడైనా 15 రోజులు, అంతకు మించి ఉండాలని సంకల్పించుకుంటే అక్కడ అతడు ముఖీమ్. అప్పుడు నాలుగూ చదవాలి. నగోయాలో కొడుకు ఇంట మేము నాలుగే చదివాము. ఆ ఇంటి గడప దాటి, బుల్లెట్ రైలులో గంటకు పైగా పయనించి, నాలుగు రోజుల మజిలీగా కోబేలో దిగేసరికి మళ్ళీ ముసాఫిర్లమైపోయాము. నగోయా నుండి కోబే దాదాపు 200 కిలోమీటర్లు. కాబట్టి కొడుకు, కోడలు కూడా ముసాఫిర్లే. తండ్రీకొడుకులం ఇద్దరం ఒకే గదిలో, ఒకే నియమం కింద ఉన్న రోజులు ఆ నాలుగే.

మాకు నవ్వు రాకపోవడానికి కారణం వేరే ఉంది. అంతకు రెండు వారాల క్రితం ఒక రాత్రి ఇషా అయిన తరువాత అబ్బాయి ఒక మస్అలా అడిగాడు. "అబ్బా, వచ్చే రమజానులో సెలవు దొరికితే పన్నెండు రోజులు మార్కాపురం వద్దామనుకుంటున్నాను. అక్కడ నేను నాలుగు చదవాలా, రెండు చదవాలా?"

మార్కాపురంలో ముప్ఫై ఏళ్ళుగా మదరసాలో పాఠాలు చెప్పుకుంటున్న వాళ్ళం. ఇటువంటి మస్అలాలు మాకు నిత్యకృత్యం. లారీ డ్రైవర్లు అడుగుతారు, హైదరాబాదులో చదివే పిల్లలు అడుగుతారు, పలకల లోడుతో ఊళ్ళు తిరిగేవారు గిద్దలూరు నుండి, కంభం నుండి ఫోను చేసి అడుగుతారు. నిలబడిన చోటనే జవాబు చెబుతాము. కొడుకుకు మాత్రం "కితాబు చూసి చెబుతాములే" అన్నాము. ఆ జవాబుకు ఏ కితాబూ తెరవనక్కరలేదు. పుట్టిన ఊరు, స్థిరనివాసమైన ఊరు మనిషికి వతనె అస్లీ, అంటే మూల నివాసం. అక్కడికి ఒక్క పూట కోసం వచ్చినా నాలుగు రకాతులే. అయితే ఆలుబిడ్డలతో సహా మరోచోటికి శాశ్వతంగా తరలిపోయి, ఇక అదే నా ఊరు అని నిశ్చయించుకున్నవానికి పాత ఊరు వతన్ కాకుండా పోతుంది. అక్కడ పదిహేను రోజులకు తక్కువగా ఉంటే అతడు రెండే చదవాలి. కనుక జవాబు చెప్పాలంటే ముందు అతని సంకల్పం అడగాలి. ఆ ప్రశ్న అడగడానికే మాకు ధైర్యం చాలలేదు. రెండు వారాలు దాటవేస్తూ వచ్చాము.

కోబే పదిహేను లక్షల జనాభా గల రేవు పట్టణం. ఉత్తరాన రొక్కో కొండలు, దక్షిణాన సముద్రం, నడుమ సన్నని పట్టీ వలె నగరం. అక్కడివారు దారి చెప్పేటప్పుడు "కొండ వైపు", "సముద్రం వైపు" అంటారట. నల్లమల నీడలో పుట్టిన మాకు ఆ మాట చాలా నచ్చింది. మా ఊరిలోనూ మబ్బు పట్టిందంటే మొదట కొండ వైపే చూస్తాము.

తొలి సాయంత్రమే మస్జిదుకు వెళ్ళాము. కితానో అనే పేట అది, కొండ పాదాన ఉంది. ఇరుకు వీధిలో మలుపు తిరగగానే గుంబజు, మీనార్లు ఒక్కసారిగా ఎదురవుతాయి. జపానులో నిర్మితమైన తొలి మస్జిదు ఇదే. 1935లో ప్రారంభమైనది. టోక్యో మస్జిదు 1938 నాటిది. కానీ ఆ పాత కట్టడం 1986లో కూల్చబడి, ఇప్పుడున్నది 2000లో మళ్ళీ లేచింది. ఆ లెక్కన కట్టిన నాటి గోడలతోనే నిలిచి ఉన్న పాత మస్జిదు కోబేదే.

దీనిని నిలబెట్టిన ధనంలో అధిక భాగం మన దేశపు వర్తకులదని తెలిసినప్పుడు పిల్లల తల్లి "సుబ్‌హానల్లాహ్" అని గోడ మీద అరచేయి ఆనించి నిలబడిపోయింది. కోబే రేవు 1868లో విదేశీ వర్తకానికి తెరవబడింది. 1923 సెప్టెంబరు 1న టోక్యో, యొకొహామా ప్రాంతాన్ని మహాభూకంపం నేలమట్టం చేయగా, యొకొహామాలోని భారతీయ వర్తకులు అనేకులు కోబేకు తరలివచ్చారు. బట్టల వ్యాపారం కొందరిది, ముత్యాల వ్యాపారం కొందరిది. రష్యా విప్లవం తరువాత ఇల్లూ వాకిలీ వదలి వచ్చిన తాతార్ ముస్లిములు వారికి తోడయ్యారు. ఈ పరదేశులందరూ కలిసి చందాలు వేసుకున్నారు. నమూనా గీసినవాడు చెక్ దేశస్థుడైన యాన్ స్వాగర్. ఆయన జపానులో చర్చీలు కట్టిన శిల్పి. కట్టినది జపాను సంస్థ. నమాజు చేయదలచినవారు భారతీయులు, తాతార్లు. ఒక దైవగృహానికి అల్లాహ్ ఎవరెవరిని ఎక్కడెక్కడి నుండి కూర్చాడో చూడండి!

రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, జపాను నౌకాదళం ఈ కట్టడాన్ని స్వాధీనం చేసుకున్నది. 1945లో విమానాలు కురిపించిన అగ్నివర్షానికి నగరం చాలా భాగం బూడిదైంది. మస్జిదు కిటికీ అద్దాలు పగిలాయి, వెలుపలి గోడలు పొగబారాయి, కొన్ని చోట్ల పగుళ్ళు వచ్చాయి. కట్టడం నిలిచింది. చుట్టూ బూడిదగా మారిన నేల నడుమ ఒంటరిగా నిలబడిన గుంబజు ఫోటోను అబ్బాయి తన ఫోనులో చూపించాడు. ఆ తరువాత 1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు భూకంపం వచ్చింది. 6,434 మంది మరణించారు. మస్జిదు అప్పుడూ నిలిచింది.

దీనిని మహిమగా చెప్పే ప్రసంగాలు మనవారు ఇష్టంగా వింటారు. పిల్లలకు పాఠం చెప్పేవారిగా మేము అంతవరకు పోదలచుకోలేదు. ఆ వేకువన ఇళ్ళు కూలి మరణించిన వేలాదిమందిలో నిద్రిస్తున్న పసిపిల్లలూ ఉన్నారు. పునాది లోతుగా తీసి, నేలమాళిగతో సహా గట్టిగా కట్టినవారి నిజాయితీ ఆ గోడల్లో ఉందని మాత్రం నిస్సంకోచంగా చెప్పగలము. మన చందాలతో కట్టే మస్జిదుల సిమెంటులో ఇసుక పాళ్ళు ఎంతో మనకు తెలియనిది కాదు.

మగ్రిబ్ అజాన్ లోపలే, మైకు లేకుండా వినిపించింది. నవంబరు ఆరంభంలో అక్కడ సూర్యాస్తమయం సాయంత్రం 5 గంటలకే. జపాను గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు. మేము మగ్రిబ్ సఫ్‌లో నిలబడిన వేళకు మార్కాపురంలో ఒంటిగంటన్నర, మా మదరసా పిల్లలు జుహర్ సఫ్‌లో నిలబడే వేళ. ఖిబ్లా అక్కడా పడమరే, కొద్దిగా ఉత్తరానికి వాలి ఉంటుంది. మనకన్నా ఆ వాలు ఇంకొంచెం ఎక్కువ. అంటే వారు మా వీపు చూస్తున్నట్లు కాదు, మేమే వారి వెనుక సఫ్‌లో, సముద్రాల అవతల నిలబడినట్లు. పిల్లల తల్లి పై అంతస్తులో స్త్రీల భాగంలో నమాజు చేసి దిగివచ్చింది. ఒక ఇండోనేసియా అమ్మాయి తనకు మెట్ల మీద చేయి అందించిందట. "ఒక్క మాట అర్థం కాలేదు గానీ అరగంట మాట్లాడుకున్నాం" అన్నది.

రెండో రోజు మనుమణ్ణి తీసుకొని నునొబికి జలపాతానికి నడిచి వెళ్ళాము. షిన్ కోబే రైల్వే స్టేషను వెనుక నుండే కొండదారి మొదలవుతుంది. జలపాతాన్ని దాటి ఇంకా ఎక్కితే రాతి ముఖం గల ఒక ఆనకట్ట వస్తుంది. 1900లో నగర ప్రజల మంచినీటి కోసం కట్టినది. జపానులో ఆ తరహా కాంక్రీటు ఆనకట్టల్లో అదే మొదటిది. నూట ఇరవై అయిదేళ్ళుగా నీరు నిలుపుతోంది. కోబే నీరు ఓడలో ఎన్నాళ్ళున్నా చెడదని పూర్వం నావికులు చెప్పుకునేవారట. దారిలో కుళాయి తిప్పి వుజూ చేసుకున్నాము. నీరు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంది. దోసిట పట్టి త్రాగాము కూడా.

అక్కడ కూర్చున్నప్పుడు మా పడమటి ప్రకాశం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? ఆనకట్టలు మనవారికి తెలియని విద్య కాదు. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన కంభం చెరువు ఇప్పటికీ నిలిచే ఉంది. కానీ వానలు లేని ఏడు అందులో పశువులు మేస్తాయి. ఫ్లోరైడు నీటితో పళ్ళు గారపట్టిన పిల్లలకే మేము ఇన్నేళ్ళూ అక్షరాల ఉచ్చారణ నేర్పాము. శ్రీశైలం జలాశయం నుండి నల్లమల కడుపులో సొరంగాలు తొలిచి కృష్ణా నీరు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు మా అబ్బాయి మా వేలు పట్టుకొని మదరసాకు వచ్చే వయస్సువాడు. ఇప్పుడు వాడి కొడుకు అదే వయస్సువాడై జపాను కొండ మీద రాళ్ళు ఏరుకుంటున్నాడు. వెలిగొండ నీరు మాత్రం మా పొలాలకు ఇంకా చేరలేదు. "తిరిగి వచ్చెయ్యి నాయనా" అని కొడుకుకు చెప్పదలచుకొని బయలుదేరిన తండ్రి ఏమి చూపించి పిలవాలి?

మనుమడు ఏరిన రాళ్ళలో ఒకటి నల్లగా, పలుచగా ఉంది. "దాదా, ఇది మన పలక రాయేనా?" అని అడిగాడు. కాదన్నాము. వాడికి పలక తెలుసు. మేము వచ్చేటప్పుడు మార్కాపురం పలకలు మూడు, చెక్క చట్రం కట్టినవి, బట్టల నడుమ చుట్టి తెచ్చాము. ఒకప్పుడు తెలుగు నేల మీద పలక పట్టిన పిల్లల్లో ఎందరి చేతుల్లోనో మా ఊరి రాయే ఉండేది. నేడు ప్లాస్టిక్కు, సెల్‌ఫోను దానిని చాలావరకు మింగివేశాయి. ఎనభై రోజులూ సాయంత్రం వేళ ఆ పలక మీద వాడికి అలిఫ్, బే నేర్పాము. వాళ్ళ నాన్నమ్మ పక్కన కూర్చొని అ, ఆ దిద్దించింది. ఒకనాడు వాడు తానే తమ బడిలో నేర్చిన జపాను అక్షరాలు వ్రాసి చదివాడు: అ, ఇ, ఉ, ఎ, ఒ. మేము ఆశ్చర్యపోయాము. పూర్వం బౌద్ధ భిక్షువులు సంస్కృతం నేర్చుకున్నందున జపాను అక్షరమాల వరుస అలా కుదిరిందని కోడలు చెప్పింది. వాడి మూడు అక్షరమాలలూ "అ" శబ్దంతోనే మొదలవుతాయన్నమాట. వాడికి ఇందులో వింతేమీ కనబడలేదు.

తిండి సంగతి రెండు మాటల్లో ముగిస్తాము. కోబే పేరు చెబితే లోకమంతా అక్కడి గొడ్డు మాంసం గురించి మాట్లాడుతుంది. జబీహా కాదన్న సందేహంతో మేము దాని జోలికి పోలేదు. మస్జిదుకు దగ్గరలోని హలాల్ కొట్టులో పప్పు, మసాలా దొరికాయి. గోంగూర పచ్చడి సీసా అడుగంటింది ఆ ఊరిలోనే.

శుక్రవారం జుమా. ముసాఫిరుకు జుమా విధి కాకపోయినా ఆ సఫ్ ఎవరు వదులుకుంటారు? పాకిస్తానీలు, బంగ్లాదేశీయులు, ఇండోనేసియన్లు, అరబ్బులు, ఆఫ్రికావారు, జపాను ముస్లిములు... లోపల చోటు చాలలేదు. ఇక్కడొక సంగతి. ముఖీమ్ అయిన ఇమాము వెనుక నిలబడితే ముసాఫిరు కూడా నాలుగు రకాతులూ పూర్తిగా చదవాలి. కనుక ఆ రోజుల్లో మస్జిదులో మేము చదివిన జుహర్, అసర్, ఇషాలు నాలుగేసి. హోటలు గదిలో చదివినవి మాత్రమే రెండేసి. సఫ్‌లో నిలబడిన వారిలో ఎవరు స్థానికుడో ఎవరు బాటసారియో చూచేవారికి తెలియదు.

నమాజు తరువాత ఒక జపాను వృద్ధుడు మా గడ్డం, టోపీ చూసి సలాం చేశాడు. ఆయన చేతిలో జపాను భాషలో ఖుర్ఆన్ ఉంది. అరబీ నుండి నేరుగా జపాను భాషలోకి ఖుర్ఆన్‌ను తెచ్చిన తొలి పండితుడు ఇజుత్సు తొషిహికో ముస్లిము కాడు. తరువాత ముస్లిమైన మితా ర్యోయిచి, ఉమర్ మితా అంటారు ఆయనను, చేసిన అనువాదం 1972లో వెలువడింది. తెలుగులోనూ తొలినాళ్ళలో ఖుర్ఆన్‌ను అనువదించినవారు చిలుకూరి నారాయణరావు గారు కదా! అబ్బాయి ఈ సంగతిని ఆ పెద్దాయనకు జపాను భాషలో చెబుతుంటే మేము వాడి నోటి వంక చూస్తూ ఉండిపోయాము. మా మార్కాపురం మాట తీరుకు అలవాటైన ఆ నోట పరాయి భాష నీళ్ళ వలె ప్రవహిస్తోంది.

సాయంత్రం సముద్రం వైపు నడిచాము. రేవులో భూకంపానికి విరిగిన గట్టు ముక్కను బాగు చేయకుండా అలాగే ఉంచారు. వంగిన దీపస్తంభాలు, పగిలిన కాంక్రీటు, సందుల్లో సముద్రపు నీరు. కోడలు, పిల్లల తల్లి బాబుతో ముందుకు వెళ్ళారు. మేము, అబ్బాయి ఆ గట్టు దగ్గర నిలబడ్డాము. ఇక దాటవేయడానికి రోజులు లేవు.

"నువ్వడిగిన మస్అలాకు జవాబు నీ దగ్గరే ఉంది" అని మొదలుపెట్టాము. దైవప్రవక్త (స) మక్కాలో పుట్టి పెరిగినవారు. ఆయన మదీనాను తన ఊరు చేసుకున్నారు. చివరి హజ్ కోసం మక్కాకు వచ్చి పది రోజులున్నప్పుడు ప్రయాణికుని వలె రెండేసి రకాతులు చదివారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు మేము పిల్లలకు ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. పుట్టిన ఊళ్ళో బాటసారిగా నిలబడడం ఎటువంటిదో ఆ రేవు గట్టున గానీ మాకు తోచలేదు. "నీ సంకల్పం ఏమిటి బేటా? ఇక్కడే ఉండిపోవాలని నిశ్చయించుకున్నావా?"

అతడు చాలాసేపు నీళ్ళ వైపు చూశాడు. "అబ్బా, పదకొండేళ్ళయినా ఇల్లు కొనలేదు. కొనమని అందరూ అంటారు. వచ్చేస్తాను అని మీకు మాట ఇవ్వలేను. రాను అని నాకు నేను ఇంకా చెప్పుకోలేదు. రాత్రుళ్ళు ఒక్కటే ఆలోచన వస్తుంది. ఇక్కడ చనిపోతే ఎక్కడ పెడతారు అని." జపానులో దాదాపు అందరినీ దహనమే చేస్తారు. ముస్లిముల ఖననానికి స్థలాలు బహు కొద్ది. కోబే కొండ మీది విదేశీయుల శ్మశానవాటికలో ముస్లిములకు కొంత చోటు ఉంది. టోక్యోలో 1909 నుండి 1914 వరకు ఉర్దూ బోధించిన మన మౌలానా బర్కతుల్లా భోపాలీ, దేశ స్వాతంత్ర్యం కోసం దేశదేశాలు తిరిగి, 1927లో అమెరికాలో కన్నుమూసి అక్కడి మట్టిలోనే కలిశారు. ఆ సంగతి నోటి దాకా వచ్చింది. చెప్పలేదు.

ఫిఖహ్‌లో ఒక సూత్రం ఉంది. నిశ్చయంగా ఉన్నది సందేహంతో తొలగిపోదు. మార్కాపురం అతని వతన్ అన్నది నిశ్చయం. దానిని వదిలాడన్నది ఇంకా సందేహం. "అయితే నాలుగే చదువు" అన్నాము. అతడు మా చేయి పట్టుకున్నాడు. పదేళ్ళ వయస్సు తరువాత మళ్ళీ పట్టుకోవడం అదే.

మరునాడు పడవ మీద అఖాతం దాటి, సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవి మీది కన్సాయ్ విమానాశ్రయానికి చేరాము. మనుమడు పలకను మాకు తిరిగి ఇవ్వబోయాడు. అది నీదే అన్నాము. దాని మీద వాడు తన పేరును మూడు లిపుల్లో వ్రాసుకున్నాడు. తెలుగులో ఒక ఒత్తు తప్పింది. దిద్దలేదు.

సింగపూరు, హైదరాబాదు దాటి, శ్రీశైలం ఘాటు, దోర్నాల మీదుగా బస్సులో వచ్చాము. దారి పక్కన పలకరాతి వ్యర్థాల గుట్టలు కనబడగానే పిల్లల తల్లి "వచ్చేశాం" అన్నది. ఆ రాత్రి ఇషా ఇంట్లోనే నాలుగు రకాతులు చదివాము.

వారం తరువాత మాకన్నా పెద్దవారైన ఒక ముఫ్తీ గారి ముందు ఆ మస్అలాను పేర్లు చెప్పకుండా ఉంచాము. తండ్రి మనస్సుతో ఫత్వా ఇచ్చామేమోనన్న భయం మమ్మల్ని వదలలేదు మరి. ఆయన విని, నాలుగే సరైనదన్నారు. మా ప్రాణం కుదుటపడింది. లేచి వస్తుండగా ఆయన అడిగారు: "అతనికి పిల్లలున్నారా? వాళ్ళు ఎక్కడ పుట్టారు?"